'జాన్ ద ఫ్లొరెట్' డీవీడీ కొనేవాళ్ళు జాగ్రత్త, సగం కథే పంపుతున్నారు

క్లోద్ బెర్రీ తీసిన ఫ్రెంచ్ సినిమా 'జాన్ ద ఫ్లొరెట్' డీవీడీ కోసం వెతుకుతున్నవాళ్ళు ఆర్డర్ పెట్టేముందు ఇది చదవండి. పాత విదేశీ సినిమాలు అమ్మే ఒక ఆన్‌లైన్ సెల్లర్ "రెండు భాగాలు, ఒరిజినల్ ఫ్రెంచ్ డిస్కులు, ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్" అని పెట్టాడు. నాకు వచ్చింది ఒక్కటే డిస్కు. అందులో మొదటి భాగం మాత్రమే ఉంది.

ఏదో ఒకటి వచ్చిందిలే అని సర్దుకునే సినిమా కాదిది. మార్సెల్ పాన్యోల్ రాసిన కథని బెర్రీ 1986లో రెండు సినిమాలుగా తీశాడు, రెండోది 'మనోన్ దె సుర్స్'. ప్రొవాన్స్ కొండల్లో ఒక పల్లె. పట్నంలో పన్నుల ఉద్యోగం చేసుకునే జాన్‌కి తల్లి తరఫు పొలం కలిసొస్తే, భార్యనీ చిన్న కూతురినీ వెంటబెట్టుకుని సేద్యానికి దిగుతాడు. గూని మనిషి. పుస్తకాలు చూసి లెక్కలు కట్టి కుందేళ్ళు పెంచుతాడు. ఆ పొలం మీద కన్నేసిన ముసలి ఆసామీ, అతని వంశంలో మిగిలిన ఒక్క కుర్రాడు ఉగోలాన్ కలిసి అక్కడి నీటి ఊటని ముందే సిమెంటుతో పూడ్చేస్తారు. ఊట ఉందని ఊళ్ళోవాళ్ళకి తెలుసు, ఒక్కరూ నోరు విప్పరు. వానలు మొహం చాటేస్తే ఆ కుటుంబం ఎంతో దూరం నుంచి గాడిద మీద నీళ్ళు మోసుకుంటుంది. దెపార్దియూ, ఈవ్ మోంతాఁ, దనియల్ ఓతాయ్ ముగ్గురూ ప్రాణం పెట్టి చేశారు. మొదటి భాగంలో జరిగిన అన్యాయానికి లెక్క తేలేది రెండో భాగంలోనే. అది లేకుండా అమ్మడం చూసేవాళ్ళని మోసం చేయడమే.

ఇక సబ్‌టైటిల్స్. యూరప్ డీవీడీల్లో సినిమా సెకనుకి 25 ఫ్రేముల (బొమ్మల) చొప్పున, థియేటర్లో నడిచే 24 కంటే కాస్త వేగంగా నడుస్తుంది. వీళ్ళు 24 ఫ్రేముల ప్రింటుకి చేసిన సబ్‌టైటిల్స్ తెచ్చి దీనికి అతికించారు. మొదట్లో తేడా తెలియదు. పోనుపోను మాట ముందు, అక్షరాలు వెనక. రెండు గంటల సినిమాకి చివర్లో దాదాపు ఐదు నిమిషాల తేడా వస్తుంది. వాన కొండ అవతల కురిసి వెళ్ళిపోతే జాన్ ఆకాశం వైపు చూసి దేవుణ్ణి నిలదీసే సీనుంది. సినిమా మొత్తానికి గుండెకాయ లాంటి సీను. అతను గొంతు చించుకుని అరుస్తుంటే కింద ఎప్పుడో అయిపోయిన మాటలు కనబడుతున్నాయి. చాలా బాధేసింది.

డిస్కు తిప్పి చూస్తే అడుగు భాగం ఊదా రంగులో ఉంది. కంపెనీలో అచ్చయిన డీవీడీ అడుగు వెండిలా మెరుస్తుంది, ఊదా రంగుంటే ఇంట్లో రైట్ చేసిందని అర్థం. ఇంకో గుర్తు కూడా ఉంది. ఏ దేశాల ప్లేయర్లలో ఆడాలో చెప్పే రీజియన్ నంబరు డీవీడీలకి ఉంటుంది. ఫ్రాన్స్ డిస్కులు రీజియన్ 2, మన దేశానిది రీజియన్ 5. రీజియన్ 5 తప్ప ఇంకేదీ ఆడించని నా ప్లేయర్‌లో ఇది చక్కగా ఆడింది. నిజంగా ఫ్రాన్స్ నుంచి వచ్చిందైతే ఆడకూడదు. పైగా ఫ్రాన్స్‌లో అమ్మే చాలా డిస్కుల్లో ఇంగ్లీష్ సబ్‌టైటిల్సే ఉండవు. కాబట్టి "ఒరిజినల్ ఫ్రెంచ్, ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌తో" అని ఎవరైనా అంటే అట్ట వెనకవైపు ఫోటో, డిస్కు అడుగు ఫోటో రెండూ అడగండి. అవి పంపనివాడి దగ్గర కొనకండి.

రిటర్న్ అడిగితే సీల్ తీశారు కాబట్టి కుదరదన్నాడు. సీల్ తీయకుండా లోపల ఎన్ని డిస్కులున్నాయో ఎలా తెలుస్తుంది? పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీసి ఉంచుకోండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫిర్యాదు చేశాను, వీడియో కూడా పంపాను. మీలో ఎవరికైనా ఇలాంటి ఊదా డిస్కే వచ్చుంటే మీరూ ఫిర్యాదు పెట్టండి. రెండు భాగాలూ ఉన్న అసలు సెట్ ఎక్కడైనా దొరికితే కింద చెప్పండి.