మూడు హెడ్ల డెక్కు, ఫెర్రిక్ రీలు: బరంపురంలో పంక్ క్యాసెట్ల లేబుల్ నడుపుతూ రాసిన సమీక్ష

ఒడిశాలోని బరంపురం వంటి ఊళ్ళో ఉంటూ పంక్ (పొట్టిగా, వేగంగా, హోరుగా సాగే రాక్ సంగీతం) బృందాల పాటలను క్యాసెట్ల మీద విడుదల చేయాలనుకునేవారు ప్రతులను బయట చేయించుకోవాలా, ఇంట్లోనే తీసుకోవాలా అన్నది మొదట తేల్చుకోవాలి. నేను ఏళ్ళ తరబడి ఇంటి పద్ధతినే నమ్ముకున్నాను. జపాన్‌లో తయారైన పాత మూడు హెడ్ల డెక్కు (క్యాసెట్లు రికార్డు చేసే యంత్రం), కొత్త ఫెర్రిక్ (ఐరన్ ఆక్సైడ్ పూత ఉన్న) క్యాసెట్లు, వీధి చివరి జిరాక్స్ కొట్టు, వీటితోనే మా లేబుల్ నడుస్తోంది. యాభై, వంద ప్రతులకు మించని విడుదలలకు ఇంతకంటే మంచి ఏర్పాటు నాకు కనబడలేదు. కాకపోతే పాట ఎంతసేపు నడిస్తే అంతసేపూ దగ్గర కూర్చుని వినే ఓపిక ఉన్నవారికే ఇది పనికొస్తుంది.

మూడు హెడ్లు ఎందుకో ముందుగా చెప్పాలి. మామూలు డెక్కులో చెరపడానికి ఒక హెడ్, రికార్డు చేయడానికీ వినడానికీ కలిపి ఇంకొకటి ఉంటాయి. అందువల్ల రీలు మీద ఏం పడిందో తెలియాలంటే వెనక్కి తిప్పి మళ్ళీ వినాలి. మూడు హెడ్ల డెక్కులో ఆ రెండు పనులకూ వేరువేరు హెడ్లు ఉంటాయి కాబట్టి, రీలు మీద అప్పుడే పడిన పాటను క్షణం ఆలస్యంగా హెడ్‌ఫోన్‌లో వినవచ్చు. రీలు వెడల్పు 3.81 మిల్లీమీటర్లే. అందులో ఒక్కొక్క ట్రాకుకు దక్కేది దాదాపు 0.6 మిల్లీమీటరు. అది సెకనుకు 4.76 సెంటీమీటర్ల వేగంతో కదులుతుంది. ఇంత సన్నని దారిలో ధూళికణం అడ్డుపడినా, రీలు అంచు కాస్త నలిగినా ఎడమవైపు గిటారు ఒక్కసారిగా కుంగి మళ్ళీ లేస్తుంది. అది చెవిన పడిన వెంటనే ఆపేసి, హెడ్‌ను తుడిచి, ఆ ప్రతిని మొదటినుంచి తీస్తాను. శ్రోత చేతికి వెళ్ళాక బయటపడవలసిన లోపం నా బల్ల మీదే ఆగిపోతుంది. డెక్కుకు పెట్టిన డబ్బు ఈ ఒక్క సౌకర్యంతోనే తీరిపోయిందని నా నమ్మకం.

హెడ్ రీలుకు సరిగ్గా లంబంగా ఉండాలన్న నియమాన్ని చాలామంది పట్టించుకోరు. ఆ కోణం కొద్దిగా తప్పినా, తీసిన ప్రతి ఆ డెక్కులో బాగానే వినిపించి ఇతరుల ప్లేయర్లలో దుప్పటి కప్పినట్టు మందంగా మోగుతుంది. లేబుల్ నడిపేవాడి క్యాసెట్లు ఎవరెవరి ఇళ్ళలోనో, ఏయే యంత్రాల్లోనో మోగవలసినవి కాబట్టి, మనకు నచ్చినట్టు వినబడే దాకా హెడ్ పక్కనున్న మరను తిప్పుకుని ఊరుకోవడం కుదరదు. 10 కిలోహెర్ట్జ్ పరీక్షా క్యాసెట్ పెట్టి తెలిసినవారి చేత సరిచేయించుకోవాలి. మా ఊళ్ళో రేడియోలు, టేప్ రికార్డర్లు బాగుచేస్తూ పెద్దవారైన మెకానిక్‌గారు ఒకరు ఈ పని ఎంతో శ్రద్ధగా చేసిపెట్టారు. అటువంటి చేయి తిరిగిన మనిషి అందుబాటులో ఉంటే, డెక్కు కొనకముందే ఆయనకు చూపించడం మేలు.

రెట్టింపు వేగంతో నకలు తీసే జంట డెక్కుల ఆశ చాలామందిని లాగుతుంది. ఆ వేగంలో 10 కిలోహెర్ట్జ్ శబ్దం 20 కిలోహెర్ట్జ్‌గా మారి హెడ్‌ను చేరుతుంది, చవక డెక్కులకు దానిని మోసే శక్తి ఉండదు. డ్రమ్ముల పక్కనుండే సింబల్స్ (కంచు పళ్ళేలు) మీది మెరుపంతా పోతుంది. అసలు వేగంతోనే తీస్తే ఇరవై నిమిషాల క్యాసెట్‌కు ఇరవై నిమిషాలూ పడుతుంది, యాభై ప్రతులకు పదహారు గంటల నలభై నిమిషాలు. పంక్ పాటలు పొట్టివి కావడం ఇక్కడ కలిసివస్తుంది. అరవై నిమిషాల రీలు కొని మూడింట రెండు వంతులు ఖాళీగా వదలకుండా, కొలతకు తగ్గ పొట్టి రీళ్ళు చుట్టించుకోవడం నాకు అన్నివిధాలా నచ్చిన పద్ధతి.

జపాన్ ఇళ్ళకోసం తయారైన డెక్కు 100 వోల్టుల కరెంటు మీద నడుస్తుంది. మన 230 వోల్టులకు నేరుగా తగిలిస్తే కాలిపోతుంది కాబట్టి, దించే ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. కరెంటు పోతే నడుస్తున్న ప్రతి పాడైనట్టే. చవక ఇన్వర్టర్ మీద నడిపితే పాటల మధ్య నిశ్శబ్దంలో గుయ్యిమనే శబ్దం చేరుతుంది, అందువల్ల సైన్ వేవ్ రకమే వాడాలి. వీటన్నిటికంటే పెద్ద బెడద తేమ. గోపాలపురం సముద్రం మాకు దగ్గర. వానాకాలంలో తెరిచిపెట్టిన క్యాసెట్ కిటికీలోంచి చూస్తే రీలు చుట్ట మీద తెల్లని బూజు కనిపిస్తుంది. బిగుతైన మూత ఉన్న రేకు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో సర్దిపెట్టడం మొదలైనప్పటి నుంచి ఈ బాధ లేదు.

ఇక రీలు సంగతి. ఇప్పటికీ కొత్త ఫెర్రిక్ రీలు తయారవుతోంది. అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, ఫ్రాన్సులోని ఆవ్రాంష్‌లో దానిని తయారుచేసే కర్మాగారాలు ఉన్నాయి. దిగుమతి ఖర్చు భారమే, అయినా కొత్త రీలు నిలకడకు సాటి లేదు. క్రోమ్ (క్రోమియం డయాక్సైడ్ పూత ఉన్న) రకం పాత నిల్వల కోసం ఎక్కువ డబ్బు పోయడం ఈ సంగీతానికి అనవసరం. రీలు బుసను తగ్గించే డాల్బీ మీట కూడా నేను ముట్టను. కొత్త ప్లేయర్లలో డాల్బీ దాదాపు లేదు. డాల్బీతో రికార్డు చేసినదానిని అది లేని యంత్రంలో వింటే చెవులు గీసుకుపోయేలా ఉంటుంది. రీలు బుస కొంత వినిపించినా, గిటార్ల హోరు మొదలవగానే అది అడుగున పడిపోతుంది. గిటారు ఎంత గట్టిగా పడినా రీలు ఓర్చుకుంటుంది కానీ, సింబల్స్‌నూ పాడేవారి ‘స’కారాలనూ ఓర్చుకోదు. అందుకే మీటరు ముల్లు ఎర్రగీత కొద్దిగా దాటే చోట ఆపుతాను.

క్యాసెట్ పైనుండే ప్లాస్టిక్ గుల్ల విషయంలో నా పట్టుదల ఒక్కటే, అయిదు మరలు ఉన్నదే కొనాలి. అతికించిన గుల్లలో రీలు చిక్కుకుంటే పగలగొట్టడం తప్ప మార్గం లేదు. గుల్ల తెరిస్తే రీలు వెనుక రాగిరంగు పలుచని బద్దీ, దాని మీద మినపగింజంత ఫెల్టు ముక్క కనిపిస్తాయి. రీలును హెడ్‌కు అదిమిపెట్టేది అదే. నాసిరకం వాటిలో ఏప్రిల్, మే ఎండలకు జిగురు కరిగి ఆ ముక్క ఊడిపోతుంది, వెంటనే ట్రెబుల్ (సన్నని, హెచ్చు స్థాయి శబ్దాలు) మాయమవుతుంది. మరలున్న గుల్ల అయితే కొత్త ముక్క అతికించి అదే క్యాసెట్‌ను బతికించుకోవచ్చు.

మూతపడిన రికార్డింగ్ షాపుల్లోంచి పాత క్యాసెట్లు చవగ్గా దొరుకుతాయి. వాటి మీద కొత్త పాటలు ఎక్కించడం పంక్ లోకంలో వాడుకలో ఉన్న పద్ధతే. సినిమా పాటల క్యాసెట్లయితే నాకు అభ్యంతరం లేదు. చేతిరాతతో పేర్లున్న వాటిని మాత్రం పూర్తిగా వినకుండా ఎన్నడూ చెరపను. ఈ సరిహద్దు ఊళ్ళలో హరికథలు, బుర్రకథలు, పెళ్ళిపాటలు ఎవరో ఇంట్లో రికార్డు చేసుకున్నవి అలా బయటపడతాయి. వాటికి మరో ప్రతి ఉందని ఎవరూ చెప్పలేరు.

క్యాసెట్ డబ్బాలో పెట్టే ఇన్‌లే కార్డు కొలత సరిగ్గా గీసుకుంటే ఒక ఎ4 కాగితం మీద ఆరు వస్తాయి. తెలుగులోనూ ఒడియాలోనూ పేర్లు వేస్తాం, మా బృందాల్లో రెండు భాషలవారూ ఉన్నారు. ప్రతుల్లో ఐదో వంతు బృందానికే ఇస్తాం, డబ్బు లెక్క చూడకముందే. 1982లో న్యూయార్క్‌కు చెందిన ఆర్‌ఓఐఆర్ సంస్థ బ్యాడ్ బ్రెయిన్స్ అనే పంక్ బృందం తొలి ఆల్బమ్‌ను క్యాసెట్‌గానే తెచ్చింది. అంతకు ముందు ఏడాది, ఇంట్లో నకళ్ళు తీసుకోవడం సంగీతాన్ని చంపుతోందని బ్రిటన్ రికార్డు కంపెనీలు ప్రచారం చేస్తున్న రోజుల్లో, డెడ్ కెనడీస్ బృందం తమ క్యాసెట్‌లో పాటలన్నీ ఒకవైపే సర్ది, రెండో వైపు శ్రోతలు రికార్డు చేసుకోవడానికి ఖాళీగా వదిలింది. మా ఒకవైపు క్యాసెట్లకు రెండో వైపు చెవిని (అది విరిస్తే ఆ వైపు మళ్ళీ రికార్డు చేయడం కుదరదు) విరవకుండా ఉంచుతున్నది ఆ ధైర్యాన్ని గౌరవించే. ఇచ్ఛాపురం నుంచి వచ్చే కుర్రాళ్ళు ఆ ఖాళీ వైపున తమ సొంత పాటలు రికార్డు చేసి తెచ్చి వినిపించిన సందర్భాలు ఉన్నాయి. వాటిలో కొన్ని తరువాత మా లేబుల్ మీదే వచ్చాయి.

పంపేముందు ప్రతి విడతలోనూ కొన్ని క్యాసెట్లను నా దగ్గరున్న అన్నిటికంటే నాసిరకం ప్లేయర్‌లో వింటాను. శ్రోతల్లో చాలామంది దగ్గర ఉండేది అటువంటిదే. దూరపు పార్సిళ్ళలో గట్టి ప్లాస్టిక్ డబ్బాల చెవులు తరచుగా విరుగుతాయి కాబట్టి మెత్తని డబ్బాలు మంచివి.

రెండు వందల ప్రతులు దాటే విడుదల ఉన్నవారికి ఈ పద్ధతిని నేను సిఫారసు చేయను, ఆ గంటలు ఏ ఒక్క మనిషికీ చాలవు. అంతకు లోపలయితే నిస్సంకోచంగా మొదలుపెట్టవచ్చు. పాత డెక్కు కొనేటప్పుడు బెల్టులు ఎప్పుడు మార్చారో, రీలును అదిమి నడిపే రబ్బరు పించ్ రోలర్ గట్టిపడిందో లేదో అడగాలి. రికార్డు మీట నొక్కి, టేప్, సోర్స్ స్విచ్చి మార్చి రీలు మీద పడిన శబ్దాన్నీ లోపలికి వస్తున్న అసలు శబ్దాన్నీ అక్కడే పోల్చి వినాలి. అమ్మేవారు దానికి ఒప్పుకోకపోతే ఆ డెక్కును వదిలేయడమే మంచిది.