ముందు సాలార్‌జంగ్, తర్వాత జుమేరాత్ బజార్

పాత నాణేలు, పాత సామాన్లంటే ప్రాణం పెట్టే మా బాబాయితో పోయిన నెల విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్లొచ్చాను. మీరూ వెళ్లేట్టయితే బుధవారం సాలార్‌జంగ్ మ్యూజియం, గురువారం జుమేరాత్ బజార్ అనే పాత సామాన్ల సంత పెట్టుకోండి. శుక్రవారం మ్యూజియానికి సెలవు.

అఫ్జల్‌గంజ్‌లో ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది, మూసీ వంతెన దాటితే మ్యూజియం, నడిచే వెళ్లొచ్చు. కానీ 24 గంటలని డబ్బు కట్టించుకుని మర్నాడు పొద్దున తొమ్మిదికే ఖాళీ చేయమన్నారు, బ్యాగులు కూడా పెట్టుకోనివ్వలేదు. రసీదు మీద టైం రాయించుకోండి.

మ్యూజియంలో జనమంతా మ్యూజికల్ గడియారం దగ్గర, ముసుగు రెబెక్కా అనే పాలరాతి బొమ్మ దగ్గర ఉంటారు. రెబెక్కాను చెక్కింది ఇటలీ శిల్పి బెంజోని, నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. పాలరాయి ముసుగు, దాని చాటున పాలరాయి ముక్కు, పెదాలు కనిపిస్తుంటే ఎంతసేపైనా చూడాలనిపిస్తుంది. అయినా మేం ఎక్కువసేపు నిలబడింది బిద్రీ సామాన్ల ముందే. జింకు ఎక్కువగా, రాగి కొంచెం కలిపి పోతపోసి, దాని మీద సన్నటి గాడులు చెక్కి, వాటిలో వెండి తీగ కొట్టి, చివర్లో బీదర్ కోట మట్టి కలిపిన నీళ్లలో ఉడికిస్తారు. లోహం నల్లబడుతుంది, వెండి మాత్రం అలాగే మెరుస్తుంది. ఆ నలుపు కళ్లలో నింపుకుని బజారుకి వెళ్లడం మంచిదైంది.

ఎందుకంటే అక్కడ ఒకాయన బిద్రీదంటూ హుక్కా కుండ చూపించి, "పెద్దాయనా, నవాబుల కాలం నాటిది" అన్నాడు. బాబాయి గోటితో గీస్తే పువ్వు రేకు లేచొచ్చింది, ఉత్త పెయింటు. చప్పుడు చేయకుండా కింద పెట్టేశాడు.

ఇంకో చోట, తుప్పు తాళాలు, గ్రామఫోన్ ముక్కల మధ్య, ఒక వెండి రూపాయి దొరికింది. "ఇటు చూడరా" అని భూతద్దం చేతికిచ్చాడు. చార్మినార్ బొమ్మ, దాని నడిమి గుమ్మంలో చిన్న ఉర్దూ అక్షరం, 'అయిన్'. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ పేరులో మొదటి అక్షరం. అదే ఆయన తండ్రి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ నాణెమైతే 'మీమ్' ఉంటుందట. హిజ్రీ 1337, అంటే 1918-19. తూకం 11 గ్రాముల పైచిలుకు, సరిపోయింది, బేరం కూడా పెద్దగా ఆడలేదు.

అమెరికాలో ఉన్న పిల్లల కోసం కొనేవాళ్లకు ఒక మాట, నూరేళ్లు దాటిన ఇలాంటివి మనం దేశం దాటించడానికి 1972 పురావస్తువుల చట్టం ఒప్పుకోదు.

తిరుగు రైల్లో బాబాయి ఆ రూపాయిని పక్క సీటు పిల్లాడికి ఇచ్చి, గుమ్మంలో ఏముందో వెతకమన్నాడు.