ఓస్తియా ఆంతికా: సముద్రం వదిలేసి పోయిన రేవు

రోమ్‌కి వెళ్లి, అగ్నిపర్వతం బూడిదలో కూరుకుపోయిన పాంపేయి నగరం చూడాలా వద్దా అని తేల్చుకోలేనివాళ్లు, రోమ్ పాత రేవుపట్నం శిథిలాలైన ఓస్తియా ఆంతికా గురించి ఆలోచించవచ్చు. పాంపేయికి రోజంతా పోతుంది, దీనికి ఒక పూట చాలు. గోడల మీది రంగుల బొమ్మలే కావాలంటే మాత్రం పాంపేయికే వెళ్లండి. ఇక్కడిది ఇటుకల ఊరు. ఎక్కువ భాగం క్రీ.శ. 2వ శతాబ్దం నాటిది: కింద దుకాణాలు, పైన అద్దె వాటాలు. రేవులో పనిచేసే మామూలు జనం ఎలా బతికారో ఇంత బాగా తెలిసే చోట్లు తక్కువ.

మెట్రో బి లైన్‌లో పిరమిదే దగ్గర దిగితే పక్కనే పోర్తా సాన్ పావొలో స్టేషన్. అక్కడ మెట్రోమారే రైలెక్కితే ఓస్తియా ఆంతికా స్టేషన్‌కి అరగంట. 1.50 యూరోల సిటీ టికెట్టే, 100 నిమిషాలది, దీనికీ చెల్లుతుంది. తిరుగు టికెట్ కూడా అప్పుడే కొనుక్కోండి. ‘లీదో’ పేరుతో ఉన్న స్టేషన్లలో దిగకండి, అవి బీచ్‌వి. సమ్మె రోజుల్లో ఈ లైనును నమ్ముకోవద్దు. స్టేషన్ బయట పాదచారుల వంతెన దాటి నేరుగా నడవడమే.

సోమవారం సెలవు. నెలలో మొదటి ఆదివారం ప్రవేశం ఉచితం, అందుకే జనం. చలికాలంలో నాలుగున్నరకే మూసేస్తారు, గంట ముందే లోపలికి రానివ్వడం ఆపేస్తారు.

ప్రధాన వీధి కిలోమీటరు పైనే. నల్లరాతి బండలు ఎగుడుదిగుడుగా ఉంటాయి, పల్చటి చెప్పులతో కాళ్లు పట్టేస్తాయి. నీడ తక్కువ. వేసవిలో ఉదయం తెరిచేసరికే చేరుకోవాలి. నెప్ట్యూన్ స్నానశాల మొజాయిక్‌ని (చిన్న రాళ్లు పొదిగి నేల మీద వేసిన బొమ్మ) కింద నుంచి చూస్తే ఏమీ అర్థం కాదు, పక్కనున్న మెట్లెక్కి పై నుంచి చూడాలి. చలికాలంలో కొన్ని మొజాయిక్‌లను కప్పి ఉంచుతారు.

నాటకశాల వెనకనున్న వర్తక సంఘాల చావడిని తొందరపడి దాటేయకండి. చుట్టూ గదులు, గది ముందు నేల మీద ఎవరి గుర్తు వారిది: ఓడలు, దీపస్తంభం, ధాన్యం కొలిచే పాత్ర. ఉత్తర ఆఫ్రికాలోని సబ్రాతా వర్తకులది ఏనుగు. చదువు రాని నావికుడికి కూడా ఏ గడప తొక్కాలో తెలిసిపోయేది! తర్వాత దియానా వీధిలో రాతి గట్టున్న తిండి దుకాణం, దగ్గర్లోనే పిండి ఆడించిన పెద్ద తిరగళ్లు, ఫోరం (ఊరి నడిబొడ్డు కూడలి) పక్కన వరసగా కూర్చునే మరుగుదొడ్డి.

చాలామంది ఫోరం దగ్గరే వెనుదిరుగుతారు, అది పొరపాటు. పోర్తా మరీనా (సముద్రం వైపు ద్వారం) దాటాక యూదుల ప్రార్థనాలయం ఉంది. 1961లో విమానాశ్రయం రోడ్డు వేస్తుండగా బయటపడింది. అప్పట్లో తీరం దాని పక్కనే. టైబర్ నది మేట వేస్తూ పోయి, ఇప్పుడు సముద్రం సుమారు 3 కిలోమీటర్లు జరిగింది. అలలు చూడాలంటే అదే రైల్లో లీదో చెంత్రోకి వెళ్లాలి.

బసకి పిరమిదే చుట్టుపక్కలే మేలు: మెట్రో, ఈ రైలు, తినడానికి తెస్తాచ్చో పేట, అన్నీ నడిచే దూరంలో. శిథిలాల దగ్గరున్న కోట పక్కన చిన్న ఊళ్లో ఉంటే ప్రశాంతమే గానీ, రాత్రి భోజనానికి ఎంపిక తక్కువ. ఫియుమిచీనో విమానాశ్రయం మ్యాపులో దగ్గరగా కనిపించినా అక్కడి నుంచి శిథిలాలకు నేరు రైలు లేదు. ఎఫ్ఎల్1 రైల్లో ఓస్తియెన్సే స్టేషన్‌కి వచ్చి, పిరమిదేకి నడిచి, లైను మారాలి.