స్లీవా, బైపాసా?
నల్లగొండలో మా అక్క నెల రోజులుగా బరువు తగ్గించే ఈ రెండు ఆపరేషన్ల మధ్యే నలుగుతోంది. స్లీవ్‌లో జీర్ణాశయాన్ని 80 శాతం దాకా కోసి తీసేస్తారు, అరటికాయంత గొట్టం మిగులుతుంది. పేగుల జోలికి వెళ్లరు. బైపాస్‌లో చిన్న సంచి చేసి, నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. చక్కెర వ్యాధి అదుపుకు సాధారణంగా ఇదే మెరుగు. ఛాతీ మంటకూ ఇదే నయం. స్లీవ్‌తో అది పెరగవచ్చు. అక్క పుల్లటి తేన్పులకు భయపడి మూడు దిండ్లు ఎత్తుగా పెట్టుకుని పడుకుంటుంది. అందుకే నా మనసు బైపాస్ వైపే. అయితే మోకాళ్లకు వాడే నొప్పి బిళ్లలు ఇక మానాలి, అతికిన చోట పుండు పడే ప్రమాదం ఉంది. బీ12, ఇనుము, కాల్షియం మాత్రలు జీవితాంతం తప్పవు. బతుకమ్మ నాటి తియ్యటి మలీద ముద్ద తిన్నా చెమటలు, గుండెదడ రావచ్చని చెప్పాను. "మంట లేకుండా ఒక్క రాత్రి నిద్రపోతే చాలు తమ్ముడూ" అంది.