బందేహానా, వీబొరానా: ఏది మేలు?

గాజు గోడల మధ్య ఆడే రాకెట్ ఆట పడెల్‌లో బందేహా (తలెత్తున వచ్చే బంతిని నెమ్మదిగా కోసి కొట్టే షాట్) కాస్త చేతికొచ్చిన ప్రతివాళ్లూ అడిగే ప్రశ్న ఇది: ఇక వీబొరాకు (పక్క స్పిన్‌తో వేగంగా కొట్టే షాట్‌కు) మారిపోవచ్చా? రెండింటికీ కాంటినెంటల్ గ్రిప్పే, అంటే సుత్తి పట్టుకున్నట్టు పట్టుకోవడమే. లాబ్ (నెత్తి మీదుగా ఎత్తుగా లేపిన బంతి) వచ్చినా నెట్ దగ్గరి చోటు వదులుకోకుండా ఉండడానికే రెండూ. తేడా అంతా బంతి రాకెట్‌కు ఎక్కడ తగులుతుందన్న దాంట్లో ఉంది.

బందేహాలో బంతి మీ ముఖానికి కొంచెం ముందు, కళ్ల ఎత్తులో తగలాలి. రాకెట్ ముఖం కాస్త తెరిచి పైనుంచి కిందికి కోసి, చేతిని బంతి వెళ్లే వైపుకే సాగనివ్వాలి. వీబొరాలో బంతి ఒంటికి పక్కగా ఉంటుంది. కుడిచేతివాళ్లయితే దాని కుడి చెంపను గీరినట్టు కొట్టి, రాకెట్‌ను వేగంగా ఎడమ నడుము వైపు దింపాలి. ఆ పక్క స్పిన్‌తో బంతి గ్లాస్‌కు (కోర్టు గాజు గోడకు) తగిలాక పైకి లేవదు, పక్కకు జారిపోతుంది.

ఏది కొట్టాలో తేల్చేది చెయ్యి కాదు, కాళ్లు. లాబ్ లేచిన క్షణమే కుడి పాదం వెనక్కి వేసి, పక్కకు తిరిగి, బంతి వెనక్కి చేరగలిగితే వీబొరా కొట్టండి. బంతి చెవి దాటిపోయాక వీబొరాకు పోతే రాకెట్ ముఖం ఆకాశం చూస్తుంది, బంతి నేల తాకకుండానే అవతలి గ్లాస్‌కు తగులుతుంది, పాయింట్ పోతుంది. సర్వీస్ లైన్ నెట్‌కు 6.95 మీటర్ల దూరంలో ఉంటుంది. లాబ్ మిమ్మల్ని అంతకన్నా వెనక్కి తోసిందంటే బందేహాయే, అదీ నెమ్మదిగా, లోతుగా. మళ్లీ నెట్‌కు చేరడానికి వ్యవధి దొరుకుతుంది.

ఎక్కువమంది చెడగొట్టుకునేది వేగం దగ్గర. వీబొరాను సగం స్మాష్‌లా చదునుగా బాదితే బంతి గ్లాస్ నుంచి నడుము ఎత్తున తిరిగొస్తుంది. అవతలివాళ్లకు విస్తరి వేసి వడ్డించినట్టే! మణికట్టు విదిలించినా అంతే, పైగా మోచేయి నొప్పి. తిరగాల్సింది నడుము, భుజం.

అందుకే నా మొగ్గు ఇంకొన్నాళ్లు బందేహా వైపే. పది లాబ్‌లకు మీరు కొట్టిన బందేహాల్లో ఏడు అవతలి సర్వీస్ లైన్ దాటి లోతుగా పడుతున్నప్పుడు వీబొరా మొదలుపెట్టండి, అదీ సగం వేగంతో, పక్క గ్లాస్, వెనక గ్లాస్ కలిసే మూలకు.

బంతిని అవతల నేలకు కొట్టి 3 మీటర్ల పక్క గోడ దాటించే స్మాష్ సంగతా? స్పెయిన్ పడెల్ ఆటగాడు అర్తూరో కోయెయో లాంటి 1.90 మీటర్ల మనిషికి అది రోజువారీ పని. మిగతావాళ్లు నెట్‌కు బాగా దగ్గరగా పడే పొట్టి లాబ్‌లకు దాచుకోవచ్చు. ఎడమ భుజం మీదుగా పోయే బంతికి గాంచో (చేతిని తల మీదుగా కొక్కెంలా వంచి కొట్టే షాట్) చాలు.