దత్తతకు ఏది మేలు: దస్తావేజా, కలెక్టరు ఉత్తర్వా?

గాజువాకలో ఉండే ఒక ఉక్కు కర్మాగార ఉద్యోగి తమ్ముడూ మరదలూ ప్రమాదంలో పోయారని, వారి ఆరేళ్ల కూతురు ఆయన ఇంటికి చేరిందని అనుకుందాం. ఆయనకు అప్పటికే ఒక కూతురు ఉంది. పెదనాన్న ఆ పిల్లకు చట్టం దృష్టిలో నాన్న కావాలంటే 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం ఒప్పుకోదు. కూతురు గాని, కొడుకు కూతురు గాని ఉండగా మరో ఆడపిల్లను దత్తత తీసుకోరాదని దాని 11వ సెక్షన్ చెబుతోంది. తమ్ముడికి మిగిలింది కొడుకే అయితే, ఈయనకు కొడుకులు లేరు కనుక, ఈ అడ్డు ఉండేదే కాదు. 2015 నాటి బాల న్యాయ చట్టం మాత్రం పెదనాన్నను బంధువుగా గుర్తించి, కలెక్టరు ఉత్తర్వుతో ఆ పిల్లను తీసుకోనిస్తుంది.

అంతమాత్రాన 1956 చట్టం చూపే పాత దారిని, అంటే దస్తావేజు దారిని, తీసిపారేయలేము. దత్త హోమం లేకపోయినా బిడ్డను ఇచ్చిపుచ్చుకోవడం నిజంగా జరిగితే చాలు, దత్తత చెల్లుతుంది. నిరీక్షణ జాబితా ఉండదు, అయినవాళ్ల బిడ్డ అయినవాళ్ల ఇంట్లోనే పెరుగుతుంది. కానీ ఆ సౌలభ్యమే నన్ను భయపెడుతుంది. నగరంలోని ఒక రిజిస్ట్రేషన్ కార్యాలయంలో నా వంతు కోసం కూర్చున్న రోజున ఒక దత్తత దస్తావేజు నా కళ్ల ముందే పూర్తయింది. ఆధార్ నకళ్లు చూశారు, ఫొటోలు తీశారు, వేలిముద్రలు వేయించారు. కన్నతల్లి సిరా అంటిన బొటనవేలిని చీర చెంగుకు తుడుచుకుని బిడ్డను అవతలి ఒడిలో పెట్టింది. ఎందుకు ఇస్తున్నావమ్మా అని ఆమెను అడిగినవారు లేరు, అడగాలని చట్టంలోనూ లేదు. ఇరుపక్షాలూ సంతకాలు చేసి రిజిస్టరు చేయించిన దస్తావేజు ఉంటే, తప్పని రుజువయ్యేదాకా దత్తత సక్రమమేనని న్యాయస్థానం భావించాలని 16వ సెక్షన్ అంటుంది. డబ్బు పుచ్చుకోవడాన్ని 17వ సెక్షన్ నిషేధించింది గాని, ప్రాసిక్యూషన్‌కు రాష్ట్ర ప్రభుత్వ అనుమతి ముందుగా కావాలని కూడా అదే సెక్షన్ షరతు పెట్టింది. బిడ్డల బేరం చేసేవారికి ఇంతకంటే మంచి ముసుగు దొరకదు.

బాల న్యాయ చట్టం కింద అనాథ బిడ్డను ముందుగా బాలల సంక్షేమ కమిటీ చట్టపరంగా దత్తతకు ఇవ్వదగిన బిడ్డగా ప్రకటించాలి. కన్నవారు తామే అప్పగించిన బిడ్డ అయితే, మనసు మార్చుకోవడానికి వారికి రెండు నెలల గడువు ఉంటుంది. తీసుకునేవారి ఇల్లు, ఆరోగ్యం, ఆదాయం పరిశీలిస్తారు, ఇచ్చాక కూడా రెండేళ్లపాటు వెళ్లి చూస్తారు. ఒంటరి పురుషుడికి ఆడపిల్లను ఇవ్వరు. ఎదురుచూపు మాత్రం దీర్ఘం, వయసు మీరిన దంపతులకు అది శిక్షే. అయినా ఈ తలుపు అన్ని మతాలవారికీ తెరిచి ఉంది. 2014లో షబ్నమ్ హష్మీ కేసులో సుప్రీంకోర్టు ఆ మాటను స్థిరపరచింది. 1956 చట్టం, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప, షెడ్యూల్డ్ తెగలకు వర్తించదు కనుక పాడేరు, అరకు గిరిజన కుటుంబాలకు ఈ తేడా చిన్నది కాదు.

2022 సెప్టెంబరు 1 నుంచి దత్తత ఉత్తర్వు ఇచ్చే అధికారం కోర్టుల నుంచి కలెక్టర్లకు మారింది. వాయిదాల బాధ తగ్గడం మంచిదే. ఆస్తి తగాదా ఉన్న ఇంటి వ్యవహారం మాత్రం న్యాయమూర్తి ముందే ఉండాలని నా అభిప్రాయం.

ఈ రెండు చట్టాలనూ సమన్వయం చేసి ఒకే సమగ్ర చట్టం తేవాలని 2022 ఆగస్టులో పార్లమెంటరీ స్థాయీ సంఘం సూచించింది. బయటి బిడ్డకు కలెక్టరు దారే మేలు, అందులో నాకు సందేహం లేదు. అయినవాళ్ల మధ్య దస్తావేజును ఉంచవచ్చు. అయితే 11వ సెక్షన్‌లోని కొడుకు, కూతురు లెక్క పోవాలి, రిజిస్ట్రేషన్‌కు ముందు జిల్లా బాలల సంరక్షణ విభాగం ఒక్కసారైనా ఇంటికి వచ్చి చూడాలి. ఇది కొత్త కోరికేమీ కాదు. విశాఖలోని అక్క బిడ్డను డల్లాస్‌లోని తమ్ముడు 1956 చట్టం కింద దత్తత తీసుకుంటే, 2021 నాటి నిబంధనల సవరణ తర్వాత, ఆ దస్తావేజును ఇక్కడి జిల్లా యంత్రాంగం పరిశీలించాకే దత్తతల వ్యవహారాలు చూసే కేంద్ర సంస్థ కారా (CARA) నిరభ్యంతర పత్రం ఇస్తుంది. అదే బిడ్డను విశాఖలోనే, మధురవాడలో ఉండే మరో తమ్ముడు తీసుకుంటే ఆ పరిశీలన ఉండదు.