యూట్యూబ్ డబ్బులు నెలకోసారే ఎందుకు పడతాయి? ఏడాదిన్నర వాడాక నా రివ్యూ

"ఏటమ్మా, డబ్బులు పడ్డాయేటి?" మా ఛానల్‌కి యాడ్స్ మొదలైన కొత్తలో మా అత్త రోజూ సాయంత్రం ఇదే అడిగేది. యూట్యూబ్ స్టూడియో తెరిస్తే నిన్నటి లెక్క కనిపిస్తూనే ఉంటుంది, ఒకరోజు 0.42 డాలర్లు, ఇంకోరోజు 0.61 డాలర్లు, అలా. కళ్ళకి కనిపిస్తున్నది చేతికి ఎందుకు రావట్లేదని ఆవిడ ప్రశ్న, నిజం చెప్పాలంటే అప్పట్లో నాకూ అదే అనుమానం. మాది శ్రీకాకుళం జిల్లా, పొందూరు దగ్గర పల్లె. ఊళ్ళో పనులు, వంటలు, పండగలు ఫోన్‌తో తీసి పెడుతుంటాను. ఏడాదిన్నరగా డబ్బు తీసుకుంటున్నాను. మా వైపు కొత్తగా ఛానల్ పెట్టిన ఆడపిల్లలు ఎక్కడ కలిసినా ఈ నెలవారీ సంగతే అడుగుతున్నారు కాబట్టి సబ్‌స్క్రైబర్లు ఎలా పెంచుకోవాలి లాంటివన్నీ పక్కనపెట్టి డబ్బు ఇచ్చే పద్ధతి ఒక్కటే రాస్తున్నాను.

ముందు తేదీలు. అక్టోబరులో విజయనగరం వెళ్ళి పైడితల్లమ్మ సిరిమాను వీడియో తీసి పెట్టామనుకోండి. ఆ నెలంతా స్టూడియోలో కనిపించేది అంచనా మాత్రమే. నవంబరు 7 నుంచి 12 లోపు లెక్క ఖరారై యాడ్‌సెన్స్ ఖాతాలోకి, అంటే యాడ్స్ డబ్బు మనకి పంపే గూగుల్ ఖాతాలోకి వస్తుంది. మొత్తం 100 డాలర్లు దాటి, ఖాతాలో ఏ పెండింగూ లేకపోతే 21 నుంచి 26 లోపు పంపిస్తారు, ఆ తర్వాత బ్యాంకులో పడడానికి ఇంకో కొన్ని రోజులు. 100 దాటకపోతే అది తర్వాతి నెలకి కలుస్తుంది, ఎక్కడికీ పోదు. బ్యాంకు వివరాలు మార్చాలన్నా, అడ్రసు సరిచేయాలన్నా 20వ తేదీ లోపే చేసుకోవాలి, ఆలస్యమైతే ఇంకో నెల ఆగాల్సిందే.

అంతకంటే ముందు అడ్రసు పరీక్ష ఉంటుంది. ఖాతాలో 10 డాలర్లు చేరాక పోస్టులో ఒక పిన్ పంపిస్తారు, మామూలు పోస్టే, రిజిస్టర్డ్ కాదు. మా వీధిలో సగం ఇళ్ళకి డోర్ నంబర్లు లేవు, అందుకని అడ్రసులో మా మావయ్య పేరు, రామమందిరం వెనక అని కూడా రాశాను. మూడు వారాలకి పోస్టుమ్యాన్ తెచ్చిచ్చాడు. చిన్న తెల్ల కాగితం, అంచులు చింపి తెరవాలి, లోపల ఆరంకెల నంబరు. నాలుగు నెలల్లోపు అది కొట్టకపోతే యాడ్స్ ఆగిపోతాయి, కాబట్టి పల్లెల్లో ఉండేవాళ్ళు పోస్టుమ్యాన్‌కి ముందే ఒక మాట చెప్పి ఉంచండి.

ఇక అసలు ప్రశ్న. మా అత్తకి నేను పాల కేంద్రం పేరు చెప్పి వివరించాను. మాకు రెండు గేదెలున్నాయి. పొద్దున్న నాలుగు లీటర్లు, సాయంత్రం మూడు లీటర్లు కేంద్రంలో పోస్తే ఎప్పుడైనా ఆ పూటే డబ్బు చేతిలో పెట్టారా? లీటర్లు కొలుస్తారు, వెన్న చూస్తారు, పుస్తకంలో రాస్తారు, పదిహేను రోజులకి లెక్క కట్టి బిల్లు ఇస్తారు. నీళ్ళు కలిశాయని తేలితే రేటు తగ్గుతుంది. ఇక్కడా అదే పని జరుగుతుంది. యాడ్ చూసింది మనిషేనా, ఎవరైనా కావాలని అదేపనిగా నొక్కారా, లేక కంప్యూటర్ ప్రోగ్రామ్ నొక్కిందా అన్నది ఆ క్షణంలోనే పూర్తిగా తేలదు. కొన్ని వెంటనే వడకట్టేస్తారు, మరికొన్ని నెల మొత్తం తీరు చూశాకే బయటపడతాయి. రోజుకిరోజు డబ్బు ఇచ్చేస్తే, తర్వాత తప్పు క్లిక్కులని తేలినప్పుడు ఎవరి దగ్గర వసూలు చేస్తారు?

ఇది నాకు మా ఇంట్లోనే అర్థమైంది. రెండో నెలలో మా మరిది సంబరంగా వచ్చి, "వదినా, నీ వీడియోల్లో యాడ్సన్నీ నొక్కమని మా క్లాసోళ్ళందరికీ చెప్పాను" అన్నాడు. ప్రేమతోనే చేశాడు పాపం. ఆ నెల అంచనా 38 డాలర్లు ఉన్నది ఖరారయ్యేసరికి 31 అయింది. తీసేసినది ప్రకటన ఇచ్చినవాళ్ళ డబ్బు, అది వాళ్ళకే వెళ్ళాలి, నాకు అందులో బాధ లేదు. కానీ ఇలాంటివి మితిమీరితే ఖాతానే పోవచ్చు. మీ వాళ్ళకి ముందే గట్టిగా చెప్పండి, వీడియో చూడమనండి, యాడ్ నొక్కమని మాత్రం ఎవరినీ అడగొద్దు.

రెండో కారణం, డబ్బు వచ్చే దారి. మనకి వచ్చేది ప్రకటనదారుల డబ్బులో వాటా, మామూలు వీడియోల యాడ్స్ మీద 55 శాతం, షార్ట్స్ మీద మన వంతుకి వచ్చినదాంట్లో 45 శాతం. పెద్ద కంపెనీలు ప్రకటనలు నెలంతా నడిపించి తర్వాత బిల్లు కడతాయి. అటు నుంచి వచ్చేదే నెల లెక్కన వస్తుంటే ఇటు రోజు లెక్కన పంచడం ఏ వ్యాపారికైనా కష్టం. మా ఊళ్ళో కంట్రాక్టు పనికి వెళ్ళేవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు, బిల్లు పాసయ్యాకే మేస్త్రీ చేతికి డబ్బు వస్తుంది.

మూడోది బ్యాంకు. డబ్బు విదేశాల నుంచి డాలర్లలో వస్తుంది, బ్యాంకు దాన్ని రూపాయల్లోకి మార్చాలి, ప్రతిసారీ చార్జీ ఉంటుంది, దాని మీద జీఎస్టీ. విదేశీ డబ్బు రావాలంటే బ్యాంకుకి స్విఫ్ట్ కోడ్ అనే గుర్తింపు కోడ్ కావాలి, చాలా చిన్న బ్రాంచీలకి అది సొంతంగా ఉండదు, ఆ బ్యాంకు పెద్ద బ్రాంచిది వాడాలి. నాకు మొదటిసారి డబ్బు పంపినట్టు మెయిల్ వచ్చినా ఖాతాలో పడలేదు. రెండు బస్సులు మారి బ్రాంచికి వెళితే కౌంటర్‌లో ఆయన ఇలాంటిది ఎప్పుడూ చూడలేదన్నాడు. రెండోసారి వెళ్ళాక ఇంకొకావిడ విషయం కనుక్కుని, ఈ డబ్బు ఏ పని మీద వచ్చిందో రాసివ్వాలని, దానికి పర్పస్ కోడ్ ఉంటుందని చెప్పి ఫారం నింపించింది. మొత్తం తొమ్మిది రోజులు, ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది. అప్పట్లో రోజుకి నలభై రూపాయలు సంపాదించే నాలాంటిదానికి రోజూ ఇలా పంపిస్తే అది చార్జీలకే సరిపోయేది. 100 డాలర్ల హద్దు ఎందుకు పెట్టారో నాకు ఆ కౌంటర్ ముందు నిలబడ్డప్పుడే తెలిసింది.

పన్ను సంగతి కూడా ఇందులో కలిసి ఉంది. మా ఛానల్‌లో బాగా ఆడిన వీడియో పొందూరు ఖద్దరుది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని దువ్వడం దగ్గరగా తీశాను, ఆ ఎముకకి సన్నని పళ్ళు వరసగా ఉంటాయి, పత్తిని వాటి మీద లాగుతుంటే చిక్కులు విడిపోయి పోగులన్నీ ఒకే వైపు తిరుగుతాయి. అది అమెరికాలో ఉన్న మన సిక్కోలు వాళ్ళు చాలామంది చూశారు. అమెరికాలో చూసినవాళ్ళ వల్ల వచ్చిన ఆదాయం మీద అక్కడి పన్ను పడుతుంది, డబ్ల్యూ-8బెన్ అనే అమెరికా పన్ను ఫారం నింపి మన దేశంతో ఉన్న పన్ను ఒప్పందం చూపిస్తే అది 15 శాతం, అదీ ఆ భాగం మీదే. ఫారమే నింపకపోతే మొత్తం ఆదాయం మీద 24 శాతం దాకా కోయొచ్చు. ఏ దేశంలో ఎంత వచ్చిందో విడదీసి కోత వేసే ఈ పని కూడా నెలకోసారే.

వీడియో కింద పెట్టే అమెజాన్ లింకుల మీద ఎవరైనా కొంటే మనకి వచ్చే కమిషన్ ఇంకా ఆలస్యం. నెల ముగిశాక సుమారు 60 రోజులకి ఇస్తారు. మన లింకు మీద ఎవరో మిక్సీ కొని, నచ్చక వెనక్కి ఇచ్చేస్తే కమిషన్ కూడా వెనక్కి వెళ్ళాలి కదా, ఆ వాపసులన్నీ తేలేదాకా ఆగుతారు. నాకు దీనిమీద ఫిర్యాదు లేదు, కాకపోతే ఈ డబ్బుని లెక్కలోకి తీసుకుని ఎవరికీ మాట ఇవ్వకండి.

ఇప్పుడు నేను ఈ రివ్యూ రాయడానికి అసలు కారణం. శ్రీకాకుళంలో ఉండే మా పెద్దాడపడుచు పోయిన ఏడాది ఫోన్ చేసి, "నీ యూట్యూబోళ్ళు నెల్లాళ్ళు తిప్పుతన్నారు, నాకైతే పొద్దున్న పని చేస్తే మజ్జాన్నానికి పడిపోతన్నాయి" అంది. టెలిగ్రామ్ గ్రూపులో హోటళ్ళకి రేటింగ్ ఇస్తే ఒక్కో దానికి 150 రూపాయలు. మూడుసార్లు నిజంగానే పడ్డాయి. తర్వాత వెయ్యి కడితే 1,300 అన్నారు, అదీ ఇచ్చారు. అక్కడితో నమ్మకం కుదిరింది. 5,000 కట్టింది, ఆ తర్వాత 18,000. యాప్‌లో మాత్రం ఖాతాలో ముప్ఫై వేలకి పైనే ఉన్నట్టు చూపిస్తోంది, తీసుకోబోతే ముందు 9,000 పన్ను కట్టాలన్నారు. అప్పుడు నాకు ఫోన్ చేసి ఏడ్చింది. "వదినా, ఇంక ఒక్క రూపాయి కట్టొద్దు" అని చెప్పి వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాను, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు కూడా పెట్టాం. చివరగా కట్టిన దాంట్లో కొంత ఒక ఖాతాలో ఆపగలిగారు, మిగతాది అప్పటికే చేతులు మారిపోయింది. మోసమని తెలిసిన వెంటనే 1930కి చేయాలి, గంటలు గడిచేకొద్దీ డబ్బు ఇంకో ఖాతాకి, అక్కడి నుంచి ఇంకోదానికి పోతుంది.

ఆ 150 రూపాయలు అంత త్వరగా ఎలా ఇచ్చారో చూడండి. అక్కడ ప్రకటనదారు లేడు, కొలత లేదు, సరిచూడడం లేదు, బిల్లు లేదు. చేపకి ఎర వేసేవాడు ఎరకి లెక్క చూసుకోడు. పని ఇచ్చేవాడు మన దగ్గర డబ్బు అడిగాడంటే అక్కడితో ఆపేయాలి, ఎంత త్వరగా ఇస్తున్నా సరే.

అలాగని నెలవారీ పద్ధతిలో అంతా బాగుందని కాదు. చిన్న ఛానళ్ళకి 100 డాలర్లు చాలా పెద్ద హద్దు. మొదటిసారి దాటడానికి నాకు ఏడు నెలలు పట్టింది, ఈ లోపు ఇంట్లో "ఏటొస్తాది దీనివల్ల" అనే మాటకి తట్టుకోలేక ఆపేసిన అమ్మాయిలు నాకు తెలుసు. ఇక్కడి ఖాతాలకి రూపాయల్లో, ఇంకా తక్కువ హద్దుతో పంపే దారి ఉంటే పల్లెల్లో చాలామంది నిలబడతారు. ఇంకోటి, దసరా నుంచి డిసెంబరు దాకా యాడ్స్ రేట్లు బాగుండి జనవరిలో పడిపోతాయి. ఆ తగ్గింది చేతికి వచ్చేది ఫిబ్రవరి చివర్లో, సంక్రాంతి ఖర్చుల తర్వాత, కాబట్టి డిసెంబరులో చేతికి వచ్చిన డబ్బు అంతా పండక్కే పెట్టేయకండి.

ఐదుకి నాలుగు ఇస్తాను. ఇప్పుడు మా ఇంట్లో చీటీ 5వ తేదీన కట్టాలి, దాణా బాకీ నెల మొదట్లో తీర్చాలి, 21 తర్వాత వచ్చే డబ్బు ఆ రెండింటికీ సరిగ్గా అందుతోంది. మా అత్త కూడా రోజూ అడగడం మానేసింది. 20 దాటాక క్యాలెండర్ వైపు చూసి, "ఈ వారమే కదమ్మా?" అంటుంది.